సూర్యుణ్ని పొగిడితే మార్కులు పడవు, లెక్క చెబితే పడతాయి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: పునరుత్పాదక ఇంధన విధానంపై స్కూళ్లు, కాలేజీలు పెట్టే వ్యాసరచన పోటీలు. ఆగస్టు 20న అక్షయ్ ఊర్జా దివస్, డిసెంబరు 14న ఇంధన పొదుపు దినోత్సవం. ఆ రెండు తేదీల చుట్టూ ఈ పోటీలు జరుగుతుంటాయి. రాసేవాళ్లు, రాయించేవాళ్లు, దిద్దేవాళ్లు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: "పునరుత్పాదక ఇంధన విధానం – నా సూచనలు" అన్న అంశం మీద నిరుడు వెయ్యి మాటల వ్యాసం రాశాను. సౌరశక్తి, పవనశక్తి, బయోగ్యాస్, సముద్రపు అలలు... ఏదీ వదల్లేదు. అక్షరదోషాలు కూడా లేవు. అయినా "విషయానికి దూరంగా ఉంది" అని రాసి పక్కన పెట్టారు. ఎక్కడ తప్పింది సార్?
– డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని, నంద్యాల

జవాబు: మీరు ఇంధనం గురించి రాశారమ్మా, విధానం గురించి రాయలేదు. ఈ పోటీల్లో పదింట ఎనిమిది వ్యాసాలు ఇక్కడే పోతాయి. సూర్యుడు తరగని వనరు, బొగ్గు తరిగిపోతుంది, కాబట్టి సౌరశక్తి మంచిది అన్నంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరం లేని చోట విధానం అవసరమే ఉండదు. ఒకరికి లాభం, మరొకరికి ఖర్చు తెచ్చే నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడే విధానం మొదలవుతుంది.

ప్రభుత్వం చేతిలో ఉన్న మీటలు ఏమిటో ముందు గుర్తించండి. పునరుత్పాదక కరెంటు ఎంత శాతం కొనాలో డిస్కంలకు (ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థలకు) చెప్పే అధికారం 2003 విద్యుత్ చట్టం, సెక్షన్ 86 కింద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి ఉంది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించాక కేంద్రం కూడా శాతాలు ప్రకటించింది: 2024-25కి 29.91, అక్కడి నుంచి పెరుగుతూ 2029-30 నాటికి 43.33. ఇది ఒక మీట. విదేశీ సోలార్ ప్యానెళ్ల మీద 2022 ఏప్రిల్‌లో వేసిన 40 శాతం కస్టమ్స్ సుంకం ఇంకో మీట. దానివల్ల ఇక్కడి ఫ్యాక్టరీకి మేలు, ప్లాంటు పెట్టేవాడికి ఖర్చు. సబ్సిడీ ఎవరికివ్వాలి, భూమి ఎవరిది తీసుకోవాలి, లైను ఎవరు వేయాలి, సాయంత్రం కరెంటుకి ధర ఎంత ఉండాలి – ఇలా ఇంకా ఉన్నాయి. వీటిలో ఒక్కటే పట్టుకోండి. వెయ్యి మాటల్లో రెండిటికి చోటు లేదు.

మీరు నంద్యాల వారు కాబట్టి దూరం వెళ్లక్కర్లేదు. గని–శకునాల దగ్గర 2017లో పూర్తయిన కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు, విస్తీర్ణం సుమారు 5,900 ఎకరాలు. అంటే మెగావాట్‌కు దాదాపు ఆరెకరాలు. ఆ పార్కు కరెంటు మధ్యాహ్నం పుష్కలం, సాయంత్రం ఆరున్నరకి సున్నా. ఇళ్లల్లో లైట్లు, టీవీలు, ఏసీలు వేసుకునేది అప్పుడే. ఆ ఖాళీ పూడ్చడానికే పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు కట్టారు. పైన ఒక జలాశయం, కింద ఒకటి. మిగులు కరెంటుతో పగలు నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం అవే నీళ్లు టర్బైన్ల మీదుగా కిందికి వదులుతారు. నూరు యూనిట్లు పెట్టి తోడితే తిరిగి వచ్చేవి 75 నుంచి 80 వరకే. ఆ ఇరవై, పాతిక యూనిట్ల నష్టం, జలాశయాల ఖర్చు ఎవరి బిల్లులో చేరాలి? మీ వ్యాసానికి ఇంతకంటే మంచి ప్రశ్న ఉండదు. మీ ఊరి పక్కనే ఉంది, కళ్లతో చూసి రాయొచ్చు.

ఇక కొలతలు. మొదటి ఎనభై మాటల్లో మీ సూచన చెప్పేయండి, చివరిదాకా దాచొద్దు. ఇప్పుడున్న పరిస్థితికి రెండొందల మాటలు, మీ సూచనకి, దాని లెక్కకి మూడొందలు. మీ సూచనతో నష్టపోయేవాళ్లు ఏమంటారో, దానికి మీ సమాధానమేమిటో చెప్పడానికి ఇంకో రెండొందలు. మిగిలిన చోటంతా అమలుకి: ఎవరు ఆదేశం ఇవ్వాలి, మొదటి ఏడాది ఏం జరగాలి. వేదశ్లోకాలతో, "నేటి ఆధునిక యుగంలో" అన్న వాక్యంతో మొదలుపెట్టే అలవాటు మానండి.

సూచన నిజంగా సూచనేనా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. "ప్రభుత్వం సౌరశక్తిని ప్రోత్సహించాలి" అన్న వాక్యంలో చేసేవాడు ఎవరో స్పష్టంగా లేదు, ఎంతో లేదు, ఎప్పటికో లేదు. "అపార్ట్‌మెంట్ల ఉమ్మడి నీటి మోటార్లకు ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా యూనిట్ ధర 20 శాతం తగ్గిస్తూ వచ్చే టారిఫ్ ఆర్డర్‌లోనే (కరెంటు ధరల ఉత్తర్వులోనే) నియంత్రణ మండలి ఆదేశమివ్వాలి" అన్నప్పుడు మూడూ ఉన్నాయి. దీన్ని ఎవరైనా కాదనొచ్చు కూడా. కాదనడానికి వీలున్న వాక్యమే వ్యాసానికి పనికొస్తుంది.

ప్రశ్న: మన దేశంలో కరెంటు సగం బొగ్గు లేకుండానే వస్తోందని పేపర్లో చదివాను. మా ఊళ్లో మాత్రం బొగ్గు తవ్వుతూనే ఉన్నారు. వ్యాసంలో ఏది రాయాలి?
– పదో తరగతి విద్యార్థి, గోదావరిఖని

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావు బాబూ. పెద్దవాళ్లు కూడా ఇక్కడ పొరబడుతుంటారు. నువ్వు చదివింది స్థాపిత సామర్థ్యం గురించి. 2025 జూన్ నెలాఖరుకి దేశంలోని మొత్తం సామర్థ్యం దాదాపు 485 గిగావాట్లు. అందులో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్ కాని వాటిది. ఆ సగంలో సోలార్, గాలి మాత్రమే కాదు, పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టులు, అణు విద్యుత్ కేంద్రాలు కూడా కలిశాయి. అందుకే ఆ సగాన్ని "శిలాజేతర" అనాలి. అణు విద్యుత్‌ని పునరుత్పాదకం కింద లెక్కవేస్తే అది తప్పు.

సామర్థ్యం అంటే ఎంత చేయగలదో, ఉత్పత్తి అంటే ఎంత చేసిందో. మెగావాట్ మొదటిదానికి కొలత, యూనిట్ రెండోదానికి. ఏడాదికి 8,760 గంటలు. ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు రాత్రుళ్లు, మబ్బు రోజులు పోగా పూర్తి సామర్థ్యంలో సుమారు 20 శాతమే ఇస్తుందనుకో. 1,000 కిలోవాట్లు × 8,760 × 0.20 = 17.5 లక్షల యూనిట్లు. అదే ఒక మెగావాట్ బొగ్గు ప్లాంటు 65 శాతం నడిస్తే దాదాపు 57 లక్షల యూనిట్లు, అంటే మూడు రెట్ల పైన. అందుకే సామర్థ్యం సగానికి వచ్చినా, 2024-25లో తయారైన కరెంటులో 70 శాతం పైన బొగ్గుదే. పేపర్లో చదివిందీ నిజం, మీ ఊళ్లో చూస్తున్నదీ నిజం.

రామగుండం రిజర్వాయర్ మీద ఎన్‌టీపీసీ వాళ్ల తేలియాడే సోలార్ ప్లాంటు మీకు దగ్గరే. సామర్థ్యం 100 మెగావాట్లు, పరుచుకున్నది 500 ఎకరాలు, 2022 జూలై నుంచి పూర్తిగా నడుస్తోంది. పై లెక్కనే దానికీ వేసి చూడు, ఏడాదికి 17 కోట్ల యూనిట్ల పైన వస్తుంది. "రోజుకు 100 మెగావాట్ల కరెంటు ఇస్తుంది" అని మాత్రం రాయకు. ఆ ఒక్క వాక్యం చూస్తే చాలు, దిద్దేవాళ్లకు నీకు కొలత తెలియదని అర్థమైపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మీద రాస్తానంటోంది. సబ్సిడీ వివరాలు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. అసలు లెక్క చెప్పండి.
– ఒక తల్లి, భీమవరం

జవాబు: 2024 ఫిబ్రవరిలో మొదలైన పథకం ఇది. కోటి ఇళ్లు లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల కేటాయింపు. ఇంటికి సబ్సిడీ: మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000. అంటే ఒక కిలోవాట్‌కు 30,000, రెండిటికి 60,000, మూడిటికి 78,000. అయిదు కిలోవాట్లు పెట్టుకున్నా అదే 78,000, పైసా ఎక్కువ రాదు. ఇక్కడే జనం పొరబడతారు. ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవై ఉండాలన్న షరతు కూడా ఉంది.

ఒక కిలోవాట్ మన ఎండలకి రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లంటే నెలకు 360. "నెలకు 300 యూనిట్లు ఉచితం" అన్న మాట వచ్చింది ఈ లెక్క నుంచే. ఆ యూనిట్లు ఎవరూ ఊరికే పంపరు, మన డాబా మీదే పుట్టాలి. కొబ్బరి చెట్టు నీడ మధ్యాహ్నం ఒక్క ప్యానెల్ మీద పడినా, వరసగా కలిపిన ప్యానెళ్ల ఉత్పత్తి మీద దాని దెబ్బ ఉంటుంది. మీ వైపు డాబాల మీద ఇది మామూలే.

ఇదంతా రాస్తే పథకం పరిచయం అవుతుంది. విధానం కావాలంటే అమ్మాయిని ఇంకో మెట్టు ఎక్కమనండి: డాబా లేనివాళ్ల సంగతేమిటి? అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు, అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు వాళ్లు ఈ సబ్సిడీ అందుకోవడం కష్టం. హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 ఇస్తారు గానీ అది లిఫ్టుకి, మోటారుకి సరిపోతుంది. ఒక చోట ప్లాంటు పెట్టి దాని యూనిట్లను పది మీటర్ల బిల్లుల్లో పంచే వర్చువల్ నెట్ మీటరింగ్ దీనికొక మార్గం. ఢిల్లీలో 2019లోనే నిబంధనలు చేశారు. ఇంకో వైపు కూడా చూడాలి. ఎక్కువ యూనిట్లు వాడి, పై స్లాబులో ఎక్కువ ధర కట్టేవాళ్లే ముందుగా సోలార్‌కి మారతారు. ఆ ఆదాయం తగ్గితే డిస్కం తీగల ఖర్చు మిగిలినవాళ్ల మీద పడుతుంది. ఈ రెండు వైపులూ ఒకే వ్యాసంలో పెట్టగలిగితే మీ అమ్మాయిది మామూలు వ్యాసం కాదు.

ప్రశ్న: మా నాన్న రైతు. ఉచిత కరెంటు గురించి రాయాలంటే భయంగా ఉంది. వ్యతిరేకంగా రాశానంటారేమో. వదిలేయనా?
– ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి, నల్గొండ

జవాబు: వదలొద్దు. తెలుగు రాష్ట్రాల్లో కరెంటు విధానం రాస్తూ వ్యవసాయ మోటారును వదిలేస్తే వ్యాసం కుంటిదవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉచిత విద్యుత్ వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలు. అనుకూలమా, వ్యతిరేకమా అన్నది మీరు తేల్చక్కర్లేదు. రైతుకు ఉచితమే ఉండాలి అనుకుని కూడా, ఆ కరెంటు ఎక్కడ తయారవ్వాలి, ప్రభుత్వం డిస్కంకి కట్టే సబ్సిడీ ఎలా తగ్గాలి అని అడగొచ్చు.

2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం జవాబులో ఒక భాగం. అందులో "ఏ" (A) విభాగం కింద రైతులు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి డిస్కంకి అమ్ముకోవచ్చు. బీ విభాగం కరెంటు లైను లేని చోట సోలార్ పంపులకు. సీ విభాగం ఇప్పటికే లైను ఉన్న మోటార్లకు, లేదా ఏకంగా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి మోటార్లకు కరెంటు తెచ్చే లైను) మొత్తానికి సోలార్ ఇవ్వడానికి. మీరు పట్టుకోవాల్సింది ఈ ఫీడర్ సంగతి.

లెక్క ఇలా వేయండి. అయిదు హెచ్‌పీ మోటారు షాఫ్ట్ దగ్గర 3.7 కిలోవాట్లు ఇస్తుంది. మోటారులో పోయేది కూడా కలిపితే లైను నుంచి నాలుగున్నర దాకా లాగుతుంది. రోజుకు తొమ్మిది గంటలు నడిస్తే 40 యూనిట్లు. ఒక మెగావాట్ సోలార్ రోజుకు సగటున 4,800 యూనిట్లు. అంటే సబ్‌స్టేషన్ పక్కన నాలుగైదు ఎకరాల్లో ఒక మెగావాట్ పెడితే ఆ ఫీడర్ మీది 120 మోటార్లకు సరిపడా కరెంటు, దూరపు లైన్లలో నష్టపోకుండా, పగటిపూటే వస్తుంది. రైతు రాత్రి పూట పాముల మధ్య పొలం వెళ్లక్కర్లేదు. ఈ ఒక్క లాభం కాగితం మీద రూపాయల్లో కనిపించదు, మీరు తప్పక రాయండి.

అడ్డంకులూ రాయాలి. యాసంగి నాట్ల రోజుల్లో మోటార్లన్నీ ఒకేసారి లాగుతాయి, ఉదయం ఏడింటికి సోలార్ అంత ఇవ్వలేదు, గ్రిడ్ తోడు ఉండాల్సిందే. రెండోది భూగర్భ జలం. ఖర్చు లేని కరెంటు ఎక్కడి నుంచి వచ్చినా మోటారు ఆపడానికి కారణం ఉండదు. 24 గంటల సరఫరా వచ్చినప్పుడు, కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల్ని కోరాల్సి వచ్చింది ఇందుకే. గుజరాత్‌లోని ధుండి గ్రామంలో 2016లో సోలార్ పంపుల రైతులు సహకార సంఘం పెట్టుకుని, తోడగా మిగిలిన కరెంటు డిస్కంకి అమ్మారు. మోటారు ఆపితే డబ్బు వస్తుంది, నీళ్లూ మిగులుతాయి. అది నల్గొండలో కుదురుతుందా, కుదరదా అన్నది మీ నాన్నగారినే అడగండి. ఆయన మాటే మీ వ్యాసానికి బలం.

ప్రశ్న: 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పీపీఏల (విద్యుత్ కొనుగోలు ఒప్పందాల) గొడవ గురించి రాయొచ్చా? రాజకీయం అవుతుందేమో?
– లా విద్యార్థిని, గుంటూరు

జవాబు: పార్టీల పేర్లు తీసేసి తేదీలు, ధరలు మాత్రం రాయండి. సోలార్ ధర 2010 వేలంలో యూనిట్‌కు పది రూపాయల పైన ఉండేది. 2015 నవంబరులో కర్నూలు పార్కు వేలంలో 4.63కి వచ్చింది. 2017 మేలో రాజస్థాన్ భడ్లాలో 2.44. ఒప్పందాలేమో పాతికేళ్లవి. పాత ధరకి కట్టుబడిన డిస్కంకి పక్క రాష్ట్రపు కొత్త ధర చూస్తే ఏమనిపిస్తుంది? 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ధరల పునఃసమీక్షకు కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. సెప్టెంబరులో కోర్టు తాత్కాలికంగా గాలికి 2.43, సోలార్‌కు 2.44 చెల్లించమంది. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఆ ఏర్పాటును పక్కనపెట్టి, ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని తీర్పిచ్చింది.

వినియోగదారుడి కోణంలో ధర తగ్గాలి, అది న్యాయమైన కోరికే. ఒప్పందం మారుతుందన్న భయం ఉంటే బ్యాంకు ఎక్కువ వడ్డీ అడుగుతుంది, ఆ వడ్డీ తర్వాతి టెండరు ధరలో చేరుతుంది. మా అభిప్రాయం అడిగితే, సంతకం చేసిన ఒప్పందం నిలబడాలి, తగ్గించాల్సింది సంతకానికి ముందే, పోటీ వేలంలో. మీరు ఇంకోలా వాదించినా సరే, వడ్డీ సంగతికి జవాబు చెప్పి తీరాలి.

ప్రశ్న: మా మండలంలో తొమ్మిది, పది తరగతులకు పోటీ పెడుతున్నాం. నెట్‌లో దొరికింది, యంత్రంతో రాయించింది తెచ్చి ఇస్తున్నారు. అంశం ఎలా ఇవ్వాలి? మార్కులు ఎలా వేయాలి?
– ఉపాధ్యాయుడు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: మాస్టారూ, "పునరుత్పాదక ఇంధనం ప్రాముఖ్యం" అని అంశం ఇస్తే ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు. మీ జిల్లాలో రామగిరి కొండల మీద గాలిమరలున్నాయి, ఎన్.పి.కుంటలో సోలార్ పార్కు ఉంది. "గాలి మే నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువ వీస్తుంది, మిగతా నెలల్లో తక్కువ. గాలి ఎక్కువున్న నెలల్లో మిగిలే కరెంటును మన మండలం ఎలా వాడుకోవాలి?" అని అడిగి చూడండి. దీనికి తయారుగా ఉన్న జవాబు ఎక్కడా ఉండదు.

ప్రతి విద్యార్థీ తన ఇంటి కరెంటు బిల్లు తెచ్చి, సర్వీసు నంబరు, పేరు కొట్టేసి, దానిలోని యూనిట్లు, స్లాబు, ఫిక్స్‌డ్ చార్జీ కనీసం ఒక పేరాలో వాడాలని షరతు పెట్టండి. వివరాలు ఇంటి దగ్గర సేకరించుకోమని, వ్యాసం మాత్రం హాల్లో గంటన్నరలో రాయించండి. అంకెలు రాసుకున్న ఒక్క కాగితం లోపలికి అనుమతించండి. అంకెలు బట్టీ పట్టించడం వల్ల ఉపయోగం లేదు.

నూటికి మార్కులైతే, సూచన స్పష్టతకు 20, లెక్కకి, ఆధారాలకి 25, ఎదుటి వాదనను నిజాయితీగా చెప్పినందుకు 20, అమలు సాధ్యతకు 20, భాషకి 15 వేయండి. ఇద్దరు విడివిడిగా దిద్ది, తేడా పదిహేను దాటితే మూడోవారికి ఇవ్వాలి. చేతిరాతకు మార్కులు వద్దు. అది వేరే పోటీ.

ప్రశ్న: "రెన్యూవబుల్" అనాలా, "పునరుత్పాదక" అనాలా? పిల్లలు ఇంటి దగ్గరే తెలుగు నేర్చుకుంటున్నారు.
– తెలుగు కుటుంబం, బెంగళూరు

జవాబు: "పునరుత్పాదక" స్థిరపడింది, వాడండి. పాత పుస్తకాల్లోని "సంప్రదాయేతర ఇంధనం" అన్నదీ తప్పు కాదు. కేంద్ర మంత్రిత్వ శాఖ పేరు కూడా 2006 దాకా అలాగే ఉండేది. గ్రిడ్, ఫీడర్, మీటర్, టారిఫ్, సబ్‌స్టేషన్ అన్నవాటికి కొత్త తెలుగు మాటలు పుట్టించొద్దు. లైన్‌మన్‌కి అర్థమయ్యే మాటే సరైన మాట.

ప్రశ్న: పోటీ అయిపోయాక వ్యాసం ఏం చేయాలి? అల్మారాలో పెట్టుకోవడమేనా?
– పీజీ విద్యార్థి, వరంగల్

జవాబు: డిస్కంలు రాబోయే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను నవంబరు నెలాఖరుకి నియంత్రణ మండలికి ఇవ్వాలన్నది నియమం. దానిమీద మండలి ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు కోరుతుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. వినియోగదారుడు ఎవరైనా రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, వకీలు అక్కర్లేదు. మీ వెయ్యి మాటల వ్యాసాన్ని రెండు పేజీలకు కుదించండి. డిస్కం నివేదికలో ఏ పేజీ, ఏ పట్టిక గురించి మాట్లాడుతున్నారో మొదటి వాక్యంలో చెప్పండి. కిందనే మీరు కోరేది ఒక్క వాక్యంలో రాయండి. ఒక ప్రతి మండలి కార్యదర్శికి, ఇంకొకటి మీ డిస్కంకి గడువులోగా చేరాలి. విచారణలో మాట్లాడాలనుకుంటే ఆ సంగతి లేఖలోనే చెప్పాలి. డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాల్సి ఉంటుంది. ఆ జవాబు వచ్చాక దాన్ని పక్కన పెట్టుకుని మీ వ్యాసం మళ్లీ రాయండి.